ఎడమ పురి

పదకొండుకు వస్తాడన్నారు. గోడ గడియారంలో పదకొండు దాటి పావుగంట అయింది, ఆ చైనా అధికారి కారు ఇంకా కొత్తకోట దగ్గరే ఉందట. పొద్దున్నుంచి గద్వాల సొసైటీ హాల్లో ఈ గుంటమగ్గం ముందు కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చున్నాను. నిన్న గోడలకు సున్నం వేశారు, ఇంకా ఆరలేదు, ఆ ఘాటు గొంతులో దిగి గరగరమంటోంది. ఎన్ని వానాకాలాలు ఈ కప్పు కారిందో, పడుగుల మీద ఎన్నిసార్లు గోనెసంచులు కప్పామో, ఒక్కడూ తలెత్తి చూడలేదు. పరాయి దేశంవాడు ఒక గడియ నిలబడిపోతాడంటే గోడలు తెల్లబడ్డాయి, గుమ్మానికి బంతిపూలు వచ్చాయి, నా ఒంటి మీదికి నాది కాని చొక్కా వచ్చింది. సొసైటీ అధ్యక్షుడు మహిపాల్ ఇచ్చాడు దాన్ని. మెడ దగ్గర గంజి కోస్తోంది. ఆ చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. వచ్చేవాడి చరిత్ర. చేనేత శాఖ నుంచి తెలుగు చేయించి పంపారు, నేను పైకి చదవాలి. బడిలో ఏడో తరగతి దాకా చదివిన గొంతు నాది, ఊళ్ళో పద్యమైనా పత్రమైనా నన్నే చదవమంటారు. "మామా, జర గట్టిగ సదువు. ఆఖరి లైను రెండుసార్లు సదువు, పేపరోళ్ళు రాసుకుంటరు" అన్నాడు మహిపాల్. ఆఖరి లైను అధికారి చరిత్రలోది కాదు, వీడు చేత్తో రాసి కలిపాడు. చైనా పట్టు వచ్చినంక గద్వాల నేతగాళ్ళ బతుకులు బాగుపడ్డాయి, అని. బయటి పట్టు మీద సర్కారు వేసిన సుంకం తీసేయాలని అమ్మేవాళ్ళకు ఉంది, కొనేవాళ్ళకూ ఉంది. ఆ ముక్క మగ్గం మీద కూర్చున్నవాడి నోటితో రావాలి. నా నోటితో.

రానీ. నా దగ్గర ఇంకొకటి ఉంది, అది మహిపాల్‌కు తెలియదు. మా చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. వచ్చేవాడికి చూపించడానికని అంచు పడుగు కోసం మహిపాల్ మంచి చైనా పట్టు తెప్పించి ఇచ్చాడు. దాన్ని ఇంట్లో గూట్లో పెట్టేశాను. ఈ మగ్గానికి ఎక్కించింది నా పెళ్ళాం జములమ్మ పేనిన దారం. ఆమె పోయి మూడేళ్ళు, కండెలు మిగిలిపోయాయి, గుడ్డలో చుట్టి దూలానికి కట్టి ఉంచాను. సరిగ్గా ఒక చీర అంచుకు సరిపోయింది. వాడు వచ్చి దీన్ని ముట్టుకుని, మా దేశం దారం ఎంత బాగుందని మురిసిపోవాలి. ఫోటోలు దిగాలి. కాదని నాకొక్కడికే తెలియాలి. ఆ తర్వాత ఆఖరి లైను చదివినా నాకు ఎంగిలి అంటదు. ఇంతకన్నా పెద్ద పగ నాకు చేతకాదు.

కాగితం తీసి మళ్ళీ చూశాను. శ్రీ లియాంగ్ వెన్‌బో. పట్టు పండే జిల్లాలో పుట్టాడట. పందొమ్మిది వందల డెబ్బై ఐదులో, పదిహేడో ఏట, పట్టుకాయలు తూచే గుమాస్తాగా చేరాడట. డెబ్బై ఐదులోనే నాకు పెళ్ళయింది. పిల్లది రాజోలిది, తుంగభద్ర ఇసుకలో ఆడుకుంటున్నదాన్ని లాక్కొచ్చి కూర్చోబెట్టినట్టు పీటల మీద దిక్కులు చూసింది. తలంబ్రాలు ఎడమ చేత్తో పోసింది. మా అమ్మ ముఖం మాడ్చుకుంది, చుట్టాలు నవ్వారు, పంతులు కుడి చెయ్యి కుడి చెయ్యి అని అరిచాడు. ఆమె కుడి చెయ్యి ఎత్తింది, దోసిట్లో బియ్యం సగం కింద పడ్డాయి. వాడు అప్పుడు ఎక్కడో తక్కెడ ముందు నిలబడి ఉన్నాడు. ఈ కాగితంలో వాడు మెట్టు ఎక్కిన సంవత్సరాలే ఉన్నాయి. పెళ్ళాం ఉందో లేదో రాయలేదు. జ్వరం వచ్చిందో, ఎవడైనా తిట్టాడో, ఏ రోజైనా అన్నం సహించలేదో రాయలేదు. నౌకరీ చేసేవాడికి బతుకంటే ఇదే కాబోలు, ఒక కుర్చీ, దాని మీద ఇంకో కుర్చీ. చదువుతుంటే పాసిపోయిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నట్టుంది.

డెబ్బై తొమ్మిదిలో పట్టు పరీక్షా కేంద్రానికి మారాడు. నల్లటి పలకకు దారం చుట్టి, చీకటి గదిలో దీపం కింద పెట్టి, ఎక్కడ లావయింది, ఎక్కడ సన్నమయింది, ఎక్కడ ఉండ కట్టింది అని చూసే పనట. పదకొండేళ్ళు. ఈ ఒక్కచోట మాత్రం నా వేలు కాగితం మీద ఆగుతుంది, ఎందుకో నాకే కోపం. జములమ్మకు పలక లేదు, దీపం లేదు. వాకిట్లో వేపనీడన కూర్చుని, నల్లటి కొంగు మోకాళ్ళ మీద పరుచుకుని, దాని మీదుగా పోగు లాగేది. ఉండ తగిలితే గోటితో గిల్లేది. బెంగుళూరు నుంచి వచ్చే పచ్చి పట్టు గడ్డివాములా వచ్చేది, దాన్ని విప్పి, చుట్టి, రెండు పోగులు కలిపి పురి ఎక్కిస్తేగాని పడుగుకు పనికిరాదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా చరఖా కుడి చేత్తో తిప్పేవాళ్ళు. ఈమె ఎడమ చేత్తో తిప్పేది. పురి అవతలి వైపుకు పడేది. చూపుకు తేడా తెలియదు. తెగిన పోగు అతికేటప్పుడే తెలుస్తుంది. అందరం బూడిద అద్దుకుని బొటనవేలు ముందుకు తోసి పేనుతాం, ఆమె దారాన్ని అలా పేనితే అతుకు పడకపోగా ఉన్న పురి విచ్చుకుంటుంది. అందుకే ఆమె దారం తెగితే అతకడానికి ఆమే రావాలి. పొయ్యి మీద కూర ఉన్నా వచ్చేది. పిలిచి, వచ్చేదాకా పేక వేసే నాడె చేత్తో పట్టుకుని విసుక్కునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు విసుక్కున్నాను.

"బావా, నిద్రపోతున్నవా? చైనాయనకు అల్లుడి లెక్క తయారైనవు, కట్నమేమన్న ఇస్తుండా ఏంది?" పెంటమ్మ. మా పక్కింటి మనిషి, నేతలో నాకన్నా పాతది. స్వాగతానికి హారతి పళ్ళెం పట్టుకోమని ఆమెకూ కొత్త చీర కట్టించారు. మిల్లు చీర. నేతగాళ్ళ సొసైటీలో. ఆమె వంగి అంచు పడుగు మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. "ఎంత నున్నగుందో సూడు. చైనా దారం చైనా దారమే బావా. మనోళ్ళు ఎన్నడన్న గిట్ల పేనిండ్రా?" జములమ్మ పక్కనే ఇరవై ఏళ్ళు చరఖా తిప్పిన మనిషి ఈమె. నా ఎత్తు పారుతోందన్న సంతోషం రావాలి కదా, రాలేదు. పెంటమ్మకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మహిపాల్ ఫోను చెవికి ఆనించుకుని గుమ్మంలో అరుస్తున్నాడు. "బీచుపల్లి బ్రిడ్జి కాడ ఆగిండ్రంట! కృష్ణ కాడ ఫోటోలు దిగుతుండ్రంట! అరగంటల వస్తరు, మేకకూర మళ్ళ ఎచ్చ జెయ్యమను." వంటశాల వైపు నుంచి మసాలా వాసన సున్నం వాసనతో కలిసింది. ఈ రెండూ కలిస్తే చావు దినాలనాటి ఇంటి వాసన.

తొంభైలో రాష్ట్ర ఎగుమతి సంస్థకు పోయాడు. తొంభై తొమ్మిదిలో మన వైపు దేశాలకు అమ్మే విభాగంలో ఉప అధికారి అయ్యాడు. తొంభై తొమ్మిది. ఆ ఏడే రాయచూరు సేటు దుకాణంలో నేను మొదటిసారి చైనా పట్టు చూశాను. తెల్లటి కాగితంలో చుట్టి, అన్నీ ఒకే కొలత, విప్పితే అద్దంలా జారింది. పురి వేసే వచ్చింది. ధర తక్కువ. ఎవరైనా కొంటారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వాకిట్లో ఆమె చరఖా ముందుంది, పెంటమ్మ కూడా అక్కడే ఉంది, ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు. "ఇగ నీకు చరఖా తిప్పల్లేదు. గిది తయారుగ వస్తది" అన్నాను. ఆమె చెయ్యి తుడుచుకుని ఒక పోగు లాగి చూసింది. "మరి నా చేతులేం జెయ్యాలె?" అంది. "ఊకె కూసో" అన్నాను. అక్కడితో ఆపితే సరిపోయేది. నేను ఆపలేదు. "ఇరువై నాలుగేండ్ల సంది నీ ఎడం చేతి దారంతోని సస్తున్న. గిదైతే తెగినా ఎవడన్న అతుకుతడు" అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు. పెళ్ళిపీటల మీద నవ్విన నవ్వే. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఆ పోగును నా ఒళ్ళోకి వదిలేసి "నాకు బేడ" అంది. వాళ్ళ అవ్వ రాయచూరు మనిషి, ఏదైనా వద్దనాలంటే జములమ్మ నోట్లోంచి అవ్వ మాటే వచ్చేది. చరఖా ఎత్తి అటక మీద పెట్టేసింది. దించలేదు. నేను దించమనలేదు. ఈ కాగితంలో ఆ సంవత్సరం ఎదురుగా పదోన్నతి అని ఉంది. నాక్కూడా ఎవరైనా ఇలాంటి కాగితం రాస్తే ఆ ఏటికి ఏం రాస్తారో.

ఊకె కూర్చోవడం ఆమెకు రాదు. రెండు నెలలు గడపలో కూర్చుని ఎడమ చేతి వేళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంటూనే ఉంది, మధ్యలో పోగు లేదు, అంతే తేడా. తర్వాత ధరూర్ వైపు విత్తనపత్తి చేలకు కూలికి పోయింది. అక్కడ సాయంత్రం మొగ్గ తొలిచి, లోపలి మగ పోగులు గోటితో గిల్లి పారేయాలి, తెల్లారి ఇంకో పువ్వు పుప్పొడి తెచ్చి దానికి అద్దాలి. సన్నటి వేళ్ళు కావాలి. ఈమె వేళ్ళు చూసి మేస్త్రీ ఎగిరి గంతేశాడట. తెల్లవారుజామున ఆటోలో ఇరవై మందిని కుక్కుకుని పోయేవాళ్ళు. పురుగుల మందు కొట్టిన చేలల్లోనే, ఆకు తడి ఆరకముందే దింపేవాడు. రాత్రి అన్నం కలిపితే ఆ వాసనే. సబ్బు పెట్టి కడిగినా పోయేది కాదు. నాలుగు పంటలు చేసింది. నాలుగేళ్ళూ నా కంచంలో అన్నం ఆమె చేత్తోనే వడ్డించింది, ఆ వాసనకు నేను ముఖం తిప్పుకునేవాణ్ణి, ఒక్కనాడూ "ఇయ్యాల పోవద్దు" అని నోరు తెరవలేదు. రెండువేల మూడు సెప్టెంబర్‌లో చేనులోంచి వాంతులతో తెచ్చారు. కళ్ళలో పాపలు ఆవగింజలంత అయ్యాయి. గద్వాల దవాఖానవాళ్ళు కర్నూలుకు పొమ్మన్నారు. కర్నూలులో మూడో రోజు పొద్దున పోయింది. ఆ మూడు రోజులూ దుప్పటి అంచు పట్టుకుని ఎడమ చేత్తో పేనుతూనే ఉంది. నర్సు అడిగింది, ఆమె ఏం వెతుకుతోంది అని. నాకు తెలుసు. చెప్పలేదు.

అదే ఏడు వీడు ఢిల్లీ వచ్చాడు, వాణిజ్య సలహాదారుగా. కాగితం అక్కడితో అయిపోయింది, కింద మహిపాల్ చేతిరాత. బతుకులు బాగుపడ్డాయి. ఇన్నాళ్ళూ నాకు ఒక ముఖం కావాల్సి వచ్చింది. దారానికి ముఖం ఉండదు, సేటు ముఖం అలవాటైపోయింది, చేను ఆసామి పరామర్శకు వచ్చి మంచం కోడు పట్టుకుని ఏడ్చిపోయాడు, ఉమ్మేయడానికి వీల్లేకుండా. ఈ కాగితం వచ్చిన రోజు నాకు ముఖం దొరికింది. ఇరవై నాలుగేళ్ళలో తక్కెడ నుంచి ఇక్కడిదాకా మెట్టు మెట్టు ఎక్కుతూ వచ్చి నా వాకిట్లో చరఖాను అటక ఎక్కించినవాడు వీడే అనుకున్నాను. అనుకుంటే నిద్ర పట్టింది. రానీ. మురిసిపోనీ.

వచ్చాడు. పన్నెండున్నరకు బయట మూడు కార్లు, దుమ్ము, బ్యాండు. ఎలాంటివాడు వస్తాడనుకున్నానో తెలియదు, వచ్చినవాడు బక్కపల్చటి మనిషి, యాభైకి ఇటుపక్క, ముంజేతుల దగ్గర కోటు వదులుగా ఉంది, ప్రయాణానికి ముఖం వడలిపోయింది. పెంటమ్మ హారతి తిప్పితే ఎటు తిరగాలో తెలియక తనూ ఒక చుట్టు తిరిగాడు, వెనకున్నవాళ్ళు నవ్వారు. చేనేత శాఖ సుమన మేడం ఇంగ్లీషులో చెబుతోంది, వాడు తలాడిస్తున్నాడు. మహిపాల్ వంగి నా చెవిలో "మామా, టైము లేదంట, కర్నూలు పోవాలెనంట. అంత సదువకు. ఆఖరి లైనొక్కటి సదువు సాలు" అన్నాడు. చైనావాడి ముప్పై ఏళ్ళ నౌకరీ నా జేబులోనే ఉండిపోయింది. వాడికీ అక్కర్లేదు. నేను లేచి నిలబడబోయాను. అంతలో వాడు మగ్గం పక్కకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. కుర్చీ తెచ్చారు, చూడలేదు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని అంచు పడుగు మీదికి వంగాడు. ఇప్పుడు అంటాడు, మా దారం అంటాడు, అని నేను ఎదురుచూశాను. వాడు ఒక పోగును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా దొర్లించాడు. ఆగాడు. మళ్ళీ దొర్లించాడు. పురి విచ్చుకుంది. రెండోవైపుకు దొర్లించాడు, బిగుసుకుంది. ఇంకో పోగు. ఇంకోటి. వెలుతురుకు ఎత్తి చూడబోతే ఆ పోగు తెగింది. తెగిన ముక్క వేలికి చుట్టుకుని నా ముఖంలోకి చూశాడు. వాడు ఏదో అన్నాడు, చిన్న గొంతు.

సుమన మేడం మహిపాల్ వైపు చూసి, తర్వాత నా వైపు చూసి చెప్పింది. "గిది తమ దేశం దారం కాదంటున్నరు సార్. చేతితోని పేనిందంట. ఎడమ చేతి వాటం మనిషి పేనిందంట." మహిపాల్ ముఖం సున్నం గోడలా అయింది. "పదకొండేండ్లు దారమే చూసిన, గింత సమంగ చేత్తో పేనింది చూడలేదు, ఎవరు పేనిండ్రు, ఆ మనిషిని చూడాలె అంటున్నరు."

పెళ్ళిపీటల మీద చూడనివాడు, వాకిట్లో కూర్చోనివాడు, పేరు తెలియనివాడు. పెంటమ్మకు తెలియలేదు. మహిపాల్‌కు తెలియలేదు. ఇంతమంది నేతగాళ్ళున్న హాల్లో జములమ్మ చెయ్యి ఆనవాలు పట్టింది వీడొక్కడు. ఇరవై నాలుగేళ్ళు తిన్న అన్నంలాగా ఆ దారాన్ని వాడుకుని, ఒక్కసారైనా వీడు అన్న మాట అననివాణ్ణి నేను. నాకు వాడి మీద అసహ్యం రాలేదు, అదే నాకు ఇంకా అసహ్యం. మహిపాల్ మోచేత్తో పొడిచాడు. "మామా, లైను సదువు. సదువు జల్ది." కాగితం తీశాను. అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. మీ దారం వచ్చి ఆమె ప్రాణం తీసిందని వాడి ముఖం మీద అనడానికి కూడా ఇదే సమయం, మూడేళ్ళుగా ఆ మాటను నోట్లో నానబెట్టుకున్నాను. రెండూ అబద్ధాలే.

"నా పెండ్లాం పేనింది. లేదిప్పుడు" అన్నాను.

మేడం చెప్పింది. వాడు కళ్ళద్దాలు తీసేసి ఒక చిన్న ప్రశ్న అడిగాడు. "ఆమె పోయేదాకా పేనిందా అంటున్నరు."

"లేదు. నడుమనే మాన్పిచ్చిన. నేనే మాన్పిచ్చిన."

"గంతేనా? ఇంకేమన్న చెప్పాల్నా?" అంది మేడం.

"గంతే."

మేడం ఇంగ్లీషులో ఎలా చెప్పిందో నాకు తెలియదు. వాడు లేచాడు, కోటు లోపలి జేబులోంచి చిన్న డైరీ తీశాడు, వేలికి చుట్టిన పోగు ముక్కను అందులో పెట్టుకోబోయాడు. నేను చెయ్యి చాపాను. దానికి ఎవరూ తర్జుమా చేయనక్కర్లేకపోయింది. వాడు ముక్కను విప్పి, రెండు చేతులతో ఇచ్చాడు. నేను ఒక చేత్తో తీసుకున్నాను.

కార్లు పోయాయి. "మమ్ములను బజార్ల నిలవెట్టినవ్ కద మామా. ఇగ ఈ సొసైటీల నీకు మగ్గమెక్కడిది?" అని మహిపాల్ అరిచి, మేకకూర దగ్గరికి పోయాడు. చొక్కా విప్పి మగ్గం గుంజకు తగిలించాను. పెంటమ్మ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. "జములమ్మదా గిది? చెప్పక పోతివి బావా" అంది, మళ్ళీ అంచు ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మసాలా వాసన, సున్నం వాసన. పడుగులో ఒక పోగు లేక సన్నటి సందు కనిపిస్తోంది. చిప్పలో బూడిద ఉంది. అద్దుకుని, ముక్క కొసను తెగిన కొసతో కలిపి పేనాను. విచ్చుకుంది. మళ్ళీ పేనాను, విచ్చుకుంది, చేతులు ముప్పై ఏళ్ళుగా నేర్చిందే చేస్తాయి. కుడి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ చేతి బొటనవేలును బూడిదలో ముంచాను.